వాగు దాటించిన భుజం

పట్టణ కౌన్సిల్ కార్యాలయం, మేడ మీద గది
మార్చి 6

బావగారికి నమస్కారాలు.

చైర్మన్ అయ్యాక మరదలికి ఉత్తరం రాసే తీరికే లేదని అక్క దగ్గర సణుగుతున్నారట. సణగండి. పోయిన నెలలో నేను కత్తిరించిన రిబ్బన్లు పదకొండు. గ్రంథాలయంలో పిల్లల గదికి ఒకటి, మురుగుకాలవ మీద వంతెనకు ఒకటి. వంతెన అంటే ఏమీ లేదు, నాలుగు సిమెంటు పలకలు. ఇరవై ఆరేళ్ళు బట్టలు కుట్టి బతికినదాన్ని, వాళ్ళు పళ్ళెంలో పెట్టి ఇచ్చే మొండి కత్తెర చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు నా కత్తెర నేనే సంచీలో వేసుకెళ్తున్నాను. సభలో కూర్చుంటే బల్ల కింద కుడికాలు దానంతటదే మిషను తొక్కుతుంది. "చైర్మనమ్మగారూ, ఇవాళ ఎన్ని జాకెట్లయ్యాయి?" అని పక్క సభ్యుడు వేళాకోళం.

అసలు సంగతికి వస్తాను. ప్రతి మంగళవారం పొద్దున పదింటికి కింది హాల్లో మాజీ సైనికులను కూర్చోబెడుతున్నాం. టీ ఉంటుంది. పింఛను కాగితాలు చూసే గుమస్తా ఉంటాడు, రక్తపోటు చూసే నర్సు ఉంటుంది. మొదటి వారం నలుగురు వచ్చారు, మొన్న ముప్పై ఒక్కరు. అంతా కలిసి పది మాటలు మాట్లాడరు. వచ్చి, ఒకరి మోకాళ్ళ వైపు ఒకరు చూసుకుని, టీ తాగి వెళ్తారు. అయినా మంగళవారం అనేసరికి తొమ్మిదిన్నరకే గేటు దగ్గరుంటారు.

వాళ్ళలో ఇల్లు లేనివాళ్ళ కోసం పాత బస్సు షెడ్డు వెనుక ఆరు గదులు బాగుచేయించాను. అయిదు ఇచ్చేశాం. ఆరోదాని కోసం ఒకాయన అర్జీ పెట్టాడు. బేకరీలో రొట్టెలు కాలుస్తాడు, పిండి బస్తాల పైన అటక మీద పడుకుంటాడు. నిచ్చెన ఎక్కి దిగాలి, డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. జూన్ నెలాఖరుకు ఆ బేకరీ పడగొడుతున్నారు. "ఏ దళం?" అని అడిగితే మీ దళం చెప్పాడు! వంటవాడినన్నాడు. పేరడిగితే "అందరూ గరిటె అనేవాళ్ళమ్మా" అన్నాడు.

చిక్కేమిటంటే, ఆయన దినకూలీ వంటవాడు. దళం వెనక్కి తగ్గడానికి ముందురోజు సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేసినట్టు కాగితాల్లో ఉంది. ఆయనేమో, "తీసేశారమ్మా, కానీ నేను పోలేదు" అంటాడు. శత్రువు కాల్పుల కింద పనిచేసినట్టు అక్కడున్నవాళ్ళు ఒక్కరు రాసిచ్చినా గది ఇవ్వొచ్చని మా నియమం. మీ దళంలో మాకు దొరికిన మనిషి మీరొక్కరే. నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపండి. మే ఇరవైన సభ.

మీ సాక్ష్యం ఇక్కడ ప్రతి సభలోనూ చెబుతుంటాను, తెలుసా? గాయపడిన వైర్‌లెస్ కుర్రాణ్ణి భుజాన వేసుకుని మీరు ఏరు దాటిన కథ. అక్కను చేసుకున్న కొత్తలో మా వసారాలో మీరది మొదటిసారి చెప్పినప్పుడు నాకు పదహారేళ్ళు. ఎంబ్రాయిడరీ సూది వేల్లో గుచ్చుకుని రక్తం వస్తున్నా నాకు తెలియలేదు.

మీ మరదలు

*

ప్రార్థన మందిరం, వెనుక గది
మార్చి 19

చైర్మన్ మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. రెండోసారి నేను చదువుకున్నాను, తలుపు వేసుకుని.

పిల్లా, రిబ్బన్లు ఎవరైనా కత్తిరిస్తారు! ఆకలిగొన్నవాడికి అన్నం, దిక్కులేనివాడికి చూరు ఇచ్చేవాడే తీర్పునాడు కుడిపక్కన నిలబడేవాడని దేవుడి వాక్యం చెబుతోంది. ఎడమపక్కన నిలబడేవాళ్ళూ ఉంటారు. వాళ్ళూ సభలకు వెళ్ళినవాళ్ళే, దండలు వేయించుకున్నవాళ్ళే! నువ్వు కుడిపక్క నిలబడ్డావు. సంతోషం.

గరిటె బతికే ఉన్నాడా!

ఆ కొండ మీద నాలుగు నెలలు. బకెట్లో నీళ్ళు తెల్లారేసరికి రాయి. గుడారంలో పదిమందిమి ఒకరి ఊపిరితో ఒకరం కాచుకునేవాళ్ళం. వెలుగు రాకముందే డేక్షా అంచు మీద గరిటె మూడుసార్లు మోగేది, అదే మాకు మేలుకొలుపు. మొదటి గ్లాసు టీ కాపలా వాడికే. ఆఫీసరు వచ్చి చెయ్యి చాచినా సరే, "ముందు వాడికి సార్, వాడు మీ కోసమే కదా వణుకుతున్నాడు" అనేవాడు. నేనప్పుడు సార్జంటుని. అరిస్తే ఎదుటి కొండ బదులు పలికేది, అందుకే "పిడుగు" అని పేరు పెట్టింది వాడే. "పిడుగు సార్, మీరు గొంతు తగ్గిస్తే ఈ ఉల్లిపాయలు నిదానంగా తరుక్కుంటాను, వేలు తెగుతోంది" అనేవాడు. ఒకసారి పిండి అయిపోతే మూడు రోజులు ఏవో ఆకులు ఉడికించి, ఒక్కొక్కరికీ వాళ్ళమ్మ వంట పేరు చెప్పి వడ్డించాడు. మేం తిన్నాం. ఎడారిలో ఆకాశం నుంచి రాలిన మన్నా తిన్న జనం కూడా సణిగారు, మేం సణగలేదు.

ఇప్పుడు ఈ గదిలో కూర్చుంటే ఆ పొగ వాసన వస్తోంది. తడి కట్టెల పొగ. కళ్ళు మండుతున్నాయి.

పత్రం సంగతి చూస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళ నాటి మాట, జ్ఞాపకం కూడదీసుకోవాలి కదా. మీ అక్క నడుంనొప్పి అలాగే ఉంది.

మీ బావ

*

కౌన్సిల్ కార్యాలయం, కింది హాలు
ఏప్రిల్ 10

బావగారికి,

జ్ఞాపకం కూడదీసుకోవాలా? ఏటి నీళ్ళు ఛాతీదాకా వచ్చాయని, తుపాకీ గుళ్ళు నీళ్ళలో చేపల్లా ఎగిరాయని, కుర్రాడు నొప్పికి కేక పెట్టకుండా మీ భుజం కొరికిపట్టాడని, ఆ పళ్ళ గుర్తు ఇప్పటికీ ఉందని ఏటా చెప్పే మనిషికి, వంటవాడు ఉన్నాడో లేడో జ్ఞాపకం లేదా? అక్కను అడిగితే చెబుతుంది, ఆవిడకు మీ కథ నోటికొచ్చు.

ఇక్కడ గొడవ ముదిరింది. కలప వ్యాపారి ఒకాయన మా కౌన్సిల్ సభ్యుడు. ఆ గది తన కార్ల డ్రైవరుకు ఇప్పించాలని చూస్తున్నాడు. పోయినవారం ఉపసంఘంలో లేచి, "డేక్షా మోసినవాళ్ళంతా సైనికులైతే మా ఆవిడ సేనాధిపతి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అందుకే ఇంకా కోపమొచ్చింది. తర్వాత జేబులోంచి మీ కరపత్రం తీశాడు. గ్రంథాలయంలో నేనే పెట్టించినది! "ఇది మీ బావగారు అచ్చు వేయించినదే కదమ్మా. 'అందరూ వెళ్ళిపోగా ఆ ఒడ్డున మిగిలినది మేమిద్దరమే' అని రాశారు. ఇద్దరంటే ఆయన, ఆ గాయపడ్డ కుర్రాడు. మరి మీ వంటవాడు ఎక్కడున్నట్టు? చెట్టెక్కాడా?"

ఆ కరపత్రం తీసుకుని మళ్ళీ మళ్ళీ చదివాను.

మంగళవారం గరిటెను పక్కకు పిలిచి అడిగాను. "పెద్దాయనా, మా బావగారి సాక్ష్యం మీరెప్పుడైనా విన్నారా?"

"విన్నానమ్మా. పదేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే మైదానంలో సభ పెట్టారు కదా. బాగా చెబుతారు."

"అది నిజమేనా?"

"కుర్రాడు బతికాడమ్మా. అది నిజం. పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లలు. పోయి తొమ్మిదేళ్ళయింది. టీ చల్లారిపోతోంది, తాగండి."

అంతే. ఇంకో మాట లాగలేకపోయాను. బావగారూ, కరపత్రంలో అచ్చు తప్పు పడి ఉంటే ఆ సంగతి రాయండి. జనం హడావుడిలో మరిచిపోతారు, అర్థం చేసుకుంటారు. నాకు కావలసింది ఒక్క వాక్యం: ఆయన అక్కడ ఉన్నాడు. నలభై రోజులే ఉంది.

మరదలు

*

ప్రార్థన మందిరం, వెనుక గది
ఏప్రిల్ 24

మరదలికి,

ఆ కలప వ్యాపారి లాంటివాళ్ళనే సున్నం కొట్టిన సమాధులన్నారు! పైకి తెలుపు, లోపల ఎముకలు! తన డ్రైవరు కోసం ముసలివాడి చూరు లాక్కుంటాడా? పేదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ అతనికి ఎవరూ చెప్పలేదా? నన్ను పిలువు, నేను వచ్చి మీ సభలో చెబుతాను. రెండు గంటలు చెబుతాను.

ఇక పత్రం. నాకు నిశ్చయంగా తెలిసినంతవరకు రాసి కింద జతచేశాను.

"సదరు వ్యక్తి మా దళంలో నాలుగు నెలలు వంట చేసెను. వంట రుచిగా ఉండెను. నడవడి మంచిది. దొంగతనం, తాగుడు లేవు."

సంతకం పెట్టాను, మందిరం ముద్ర కూడా వేశాను. వెనక్కి తగ్గిన ఆ రోజు పొగ, అరుపులు, ఎవరు ఎక్కడున్నారో ఎవరు చూశారు? చూడనిది చూశానని రాస్తే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది కదా. అది పది ఆజ్ఞల్లో ఒకటి.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మందిరం రేకులు మండిపోతున్నాయి. ఆ కొండ చలి గుర్తొస్తోంది ఈ మధ్య. వాడు పాడే పాట ఒకటుండేది, చరణం గుర్తుంది, పల్లవి రావడం లేదు. నిద్ర సరిగా పట్టడం లేదు.

మీ బావ

*

పట్టణ కౌన్సిల్, అధ్యక్షురాలి కార్యాలయం
మే 2

గౌరవనీయులైన ప్రచారకుల వారికి,

తమరు పంపిన పత్రం అందినది. అది గరిటెకు ఇవ్వవలసిన యోగ్యతాపత్రం, మనిషికి ఇవ్వవలసినది కాదు. వాపసు పంపుతున్నాను.

ఈ కింది విషయం తమ దృష్టికి తెస్తున్నాను.

మంగళవారం వచ్చే వాళ్ళందరికీ ఒకే రంగు కోట్లు కుట్టిస్తున్నాం. కొలతలు నేనే తీస్తున్నాను, ఆ పని ఇంకొకరికి అప్పగించలేను. నిన్న సదరు వంటాయన వంతు. చొక్కా విప్పి బనియనుతో నిలబడ్డాడు. ఎడమ భుజం మీద టేపు పెట్టాను. మెడ మొదలు నుంచి భుజం చివరిదాకా కొలవాలి, అక్కడ వేలితో తడమడం మా పనిలో అలవాటు, ఎగుడుదిగుళ్ళుంటే లోపల గుడ్డ సర్దాలి కదా. వేలికి గుంటలు తగిలాయి. పైన అయిదు, కింద నాలుగు, అర్ధచంద్రంలా. కొన్ని వేల భుజాలు కొలిచాను. కుక్క కరిస్తే ఎలా ఉంటుందో, యంత్రంలో పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అవి మనిషి పళ్ళు.

నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. "ఇక్కడ కొంచెం వదులు పెట్టండమ్మా, చలికాలం లాగుతుంది" అన్నాడు.

సభ మే ఇరవైన ఉదయం పదకొండు గంటలకు.

చైర్మన్ సంతకం

*

ఇల్లు, వెనుక వసారా
మే 9

మరదలా,

మందిరంలో కూర్చుని రాయలేకపోయాను. అక్కడ గోడలు నా గొంతుకు అలవాటుపడ్డాయి, నేను ఏం చెప్పినా నమ్ముతాయి.

నువ్వు వేలితో తడిమినది నిజమే. మోసింది వాడు.

తగ్గమని ఆజ్ఞ వచ్చింది. ముందురోజే వంటవాణ్ణి పంపేశారు, వాడు పోలేదు. "రేపు పొద్దున టీ ఎవడు పెడతాడు?" అని డేక్షా వెనుక దాక్కున్నాడు. తెల్లారి అందరూ ఏరు దాటేశారు. చివర్న మిగిలింది నేను, కుర్రాడు, వాడు. ముగ్గురం. కుర్రాడి తొడలో గుండు. ఎత్తుకోబోయాను. నా చేతులు లేవలేదు. గాయం లేదు నాకు, భయం. కొండ బదులు పలికేలా అరిచిన పిడుగుకి మోకాళ్ళు వంగలేదు. గరిటె వంగి, పిండి బస్తా ఎత్తినట్టు ఎత్తి భుజాన వేసుకుని, "సార్, మీరు డేక్షా తీసుకురండి, అవతల పనికొస్తుంది" అన్నాడు. నన్ను సిగ్గుపడనివ్వకుండా నాకొక పని చెప్పాడు. నేను డేక్షా మోసుకుంటూ వాడి వెనక ఏటిలో దిగాను. నీళ్ళు ఛాతీదాకా ఉన్నాయి.

తర్వాత నేను దేవుడి పనిలోకి వచ్చాను. మొదటిసారి ఒక చిన్న గదిలో ఆ రోజు గురించి చెప్పాను. కుర్రాణ్ణి భుజాన వేసుకుని దాటించడం జరిగిందన్నాను, ఎవరు అన్నది చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను. ఈలోగా ఒక ముసలమ్మ ఏడుస్తూ లేచి వచ్చి నా భుజాన్ని కళ్ళకద్దుకుంది. ఆవిడ కొడుకు యుద్ధంలోంచి రాలేదట. ఆ చేతుల్లోంచి నా భుజాన్ని ఎలా లాక్కోను? ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నేను చెప్పిన మొదటి అబద్ధం. తర్వాతవన్నీ దాని పిల్లలు. పళ్ళ గుర్తు ఆరేడేళ్ళ తర్వాత చేర్చాను, జనం నిద్రపోతున్నారని. అన్న బట్టలు తొడుక్కుని గుడ్డి తండ్రి దగ్గర దీవెన దొంగిలించిన తమ్ముడి మీద ఎన్ని ప్రసంగాలు చేశానో! ఒక్కసారీ నా చొక్కా నాకు కనపడలేదు.

పదేళ్ళ కిందట వాడు ఆ మైదానంలో ఉన్నాడని నువ్వు రాశాక, ఆనాటి ప్రసంగం కాగితాలు బయటికి తీసి మళ్ళీ చదివాను.

మీ అక్కకు మొన్న చెప్పాను. నిలబడి చెప్పాను. ఆవిడ బఠానీలు వలుస్తోంది. తల ఎత్తలేదు. "ముప్పై అయిదేళ్ళుగా ఆ భుజానికి నొప్పి మందు రాస్తున్నది నేను. అక్కడ పుట్టుమచ్చ తప్ప ఏమీ లేదని నాకు తెలియదా?" అంది.

"మరి అడగలేదేం?"

"మీరు చెబుతారేమోనని చూశాను. కాస్త ఆలస్యమైంది. ఆ గిన్నె ఇలా అందించండి."

నిన్న ఆదివారం. సంఘంలో నిలబడి ఇదంతా చెప్పాను. గ్రంథం తెరవలేదు. సగంమంది తలలు వంచుకున్నారు. పెద్దలు ఇద్దరు నన్ను కొన్నాళ్ళు ప్రసంగించవద్దన్నారు. సరేనన్నాను. న్యాయమే.

పత్రం జతచేస్తున్నాను. కలప వ్యాపారి ముందు పూర్తిగా చదివించు. నా పేరు దాచకు, బావ అన్న మొహమాటం వద్దు. ఇన్నేళ్ళు నువ్వు కూడా ఆ అబద్ధాన్ని సభల్లో మోశావు, నా వల్ల. అందుకు నిన్ను క్షమించమని అడుగుతున్నాను.

బావ

*

పట్టణ కౌన్సిల్, మేడ మీద గది
మే 22

బావా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు నా పదహారేళ్ళ నాటి వేలు గుర్తొచ్చింది. ఆ రక్తం ఎవరికోసం కారిందో అతను ఈ ఊళ్ళోనే పిండి బస్తాల మీద పడుకుంటున్నాడు. ఇంక కోపానికి టైము లేదు.

సభ సంగతి చెబుతాను. మంగళవారం వాళ్ళు ముప్పై ఒక్కరూ వెనుక బెంచీల్లో కూర్చున్నారు. గరిటెను బతిమాలి తెచ్చాను, పొయ్యి దగ్గర పనుందంటాడు. నేను లేచి ముందు నా తప్పు చెప్పాను. "ఈ కథ ఇన్నాళ్ళూ తప్పుగా చెప్పాను, ఇవాళ సరిగ్గా వినండి" అని మీ పత్రం చదివాను. నా గొంతు మీ గొంతులా మోగలేదు. దర్జీదాని గొంతు, పిన్నులు నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. అయినా ఎవరూ దగ్గలేదు.

"నీళ్ళు ఛాతీదాకా ఉన్నాయి" దగ్గరికి వచ్చాను. వెనక నుంచి గరిటె లేచాడు.

"చైర్మనమ్మా, అక్కడ ఒక తప్పుంది."

కలప వ్యాపారి కుర్చీలో ముందుకు వంగాడు.

"అది ఏరు కాదమ్మా, వాగు. మోకాళ్ళదాకే. ఛాతీదాకా ఉంటే డేక్షాతో సార్ ఎలా దాటతారు? పడవలా తేలిపోయేవారు."

ముప్పై ఒక్కమంది నవ్వారు, బావా. అన్ని మంగళవారాల్లో ఒక్క పెద్ద నవ్వు వినలేదు నేను. ఒకాయన కర్ర కిందపడింది, తీసుకోలేదు, నవ్వుతూనే ఉన్నాడు. కలప వ్యాపారి కూడా నవ్వి, తర్వాత కళ్ళజోడు తుడుచుకుని చెయ్యి ఎత్తాడు. పదమూడు మందికి పదమూడు ఓట్లు.

నిజం ఒప్పుకుంటూ కూడా రెండు అడుగుల నీళ్ళు ఎక్కువ పోశారు మీరు. మారరు.

రేపు తాళం ఇస్తున్నాం. రిబ్బను లేదు, ఆయన వద్దన్నాడు. మీరు రావాలని ఆయన అడగలేదు. రావద్దనీ అనలేదు. అడిగితే, "ఎవరొచ్చినా తలుపు తీస్తానమ్మా, గది ఉంది కదా ఇప్పుడు" అన్నాడు.

మరదలు

*

ఇల్లు, వెనుక వసారా
జూలై 14

మరదలికి,

నీకు చెప్పకుండా వచ్చి వెళ్ళినందుకు తిట్టుకో. బస్సు దిగి తిన్నగా షెడ్డు వెనక్కి వెళ్ళాను. నీ ఇంటికి వస్తే నువ్వు వెంట వస్తావు, నువ్వు ఉంటే నేను నీ ముందు ప్రసంగం చేస్తాను. నాకు నా సంగతి తెలుసు.

మూడు పేజీలు రాసుకుని తెచ్చాను. ప్రతి పేజీకి ఏ వాక్యం, ఎక్కడ ఆగాలి, అన్నీ. తలుపు కొట్టాను. నువ్వు కుట్టిన కోటు వేసుకుని, ఇంట్లో, ఆ ఉక్కలో, ఉల్లిపాయలు తరుగుతున్నాడు. చూశాడు. "పిడుగు సార్" అన్నాడు. "చెప్పులు అక్కడ విడిచి చేతులు కడుక్కోండి. ఆకలిగా ఉన్నారు."

పేజీలు జేబులోనే ఉండిపోయాయి.

తిన్నాం. గది బాగుంది, మరదలా. పొయ్యి గట్టు వాడి ఎత్తుకు సరిపోయింది. కిటికీలోంచి పాత బస్సులు కనిపిస్తాయి. కొండ గురించి మాట్లాడుకున్నాం. గుడారం చినిగిన చోట నేను వేసిన కుట్లు చూసి నవ్వుకున్న సంగతి, పిండి అయిపోయిన మూడు రోజుల సంగతి. ఆ పాట పల్లవి వాడికి గుర్తుంది. పాడాడు. గొంతు లేదు ఇప్పుడు, గాలి మాత్రం వస్తుంది. చాలు.

తర్వాత వాడే అన్నాడు, "సార్, ఆ కథ ఒకసారి చెప్పండి."

"ఏ కథ?"

"అదే. మైదానంలో సగమే విన్నాను. కుర్రాణ్ణి ఎత్తుకునే చోటికి వచ్చేసరికి లేచి వెళ్ళిపోయాను. అవతలి ఒడ్డు మీరెలా చెబుతారో నాకు తెలియదు."

నేను చెప్పాను. వేలమందికి చెప్పినవాణ్ణి, ఒక్కడికి చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాను. వాగు అన్నాను, మోకాళ్ళు అన్నాను. ఎత్తింది నువ్వు అన్నాను. ఎప్పుడూ గొంతు పెంచే చోట తగ్గించాను. అవతలి ఒడ్డున కుర్రాణ్ణి పడుకోబెట్టి, గరిటె ముందు చేసిన పని పొయ్యి వెలిగించడం అని చెప్పాను. అది నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, నాకే గుర్తు లేదు, చెబుతుంటే వచ్చింది.

వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. వేరెవరి గురించో వింటున్నట్టు, బుగ్గల మీద నీళ్ళు. అవి తుడుచుకుని అన్నాడు:

"బాగా చెబుతారు సార్. ఆపకండి, చెబుతూనే ఉండండి. నాకు మోయడం వచ్చు గానీ, చెప్పడం రాదు."

ఏ వాక్యమూ గుర్తుకు రాలేదు. లేచి, కంచాలూ గిన్నెలూ తీసి నేనే తోమాను. వాడు వద్దనలేదు.

బావ